పేపర్లో పడింది కదా: ప్రకటనకూ ప్రాపగాండాకూ మధ్య గీత

మీరు రెండు ప్రశ్నలు అడిగారు. ఒకటి పాఠ్యపుస్తకపు ప్రశ్న: వ్యాపార ప్రకటనకూ ప్రాపగాండాకూ తేడా ఏమిటి? రెండవది ఇంటి ప్రశ్న: నగర శివారులోని ఒక వెంచర్ గురించి దినపత్రికలో వచ్చిన వ్యాసం కత్తిరింపును ఎవరో వాట్సాప్‌లో పంపితే, దాన్ని నమ్మి మీ నాన్నగారు ప్రీ లాంచ్ ధరకు రెండు వందల గజాల ప్లాటుకు అడ్వాన్సు కట్టడానికి సిద్ధపడ్డారు, అది వార్తో ప్రకటనో ఎలా తేల్చుకోవాలి, ఆయనకు ఎలా నచ్చచెప్పాలి? నేను హైదరాబాదులో ముప్పై ఏళ్లు ప్రకటనలు రాసి బతికినవాణ్ణి. అందులో తొమ్మిదేళ్లు ఒక పత్రిక ప్రకటనల విభాగంలో ఉండి సరిగ్గా అటువంటి వ్యాసాలే రాశాను. మీ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటేనని నాకు అనిపిస్తుంది కనుక, మొదటిదాన్ని కాస్త దూరం నుంచి మొదలుపెట్టి రెండవదాని దగ్గరకు వస్తాను.

ప్రాపగాండా అంటే అబద్ధమనీ, ప్రకటన అంటే అతిశయోక్తి అనీ చాలామంది అనుకుంటారు. ఈ వృత్తిలో పనిచేసినవారు ఆ మాట ఒప్పుకోరు, ఎందుకంటే నేర్పుగా చేసిన ప్రచారంలో అబద్ధం ఉండనక్కరలేదు. నేను రాసిన వ్యాసాల్లో ఇది తప్పు అని వేలు పెట్టి చూపగల వాక్యం దాదాపు ఉండేది కాదు. 'మా కాఫీ పొడి రుచే వేరు' అని గోడ మీద రాసి ఉంటే, ఆ మాట అన్నది కాఫీ పొడి అమ్ముకునేవాడేనని చదివిన ప్రతివారికీ తెలుసు. తన సరుకును తాను పొగుడుకుంటున్నాడు గనుక అందులో కొంత తరుగు తీసి మిగిలినదే మనసులో వేసుకుంటారు. ధాన్యం కాటా దగ్గరా బంగారం కొట్టు దగ్గరా తరుగు లెక్కలు చూస్తూ పెరిగిన మన జనానికి ఈ పని ఎవరూ నేర్పనక్కరలేదు. ఒప్పించే విద్య అంతా ఈ తరుగు నుంచి తప్పించుకోవడం కోసం పుట్టినదే. అమ్మేవాడి గొంతు వినిపిస్తే తరుగు తీస్తారు. అదే మాట వైద్యుడి గొంతులోనో, విలేకరి గొంతులోనో, మేనమామ గొంతులోనో వినిపిస్తే తీయరు. అందుచేత గీత ఇక్కడ ఉందని నేను నమ్ముతాను: డబ్బు పెట్టినవాడు తన పేరుతో మాట్లాడితే అది ప్రకటన, మరొకరి గొంతు అరువు తెచ్చుకుని, తెచ్చుకున్న సంగతి దాచిపెట్టి మాట్లాడితే అది ప్రాపగాండా.

ఈ విషయాన్ని శాస్త్రంగా చదివినవారు ఇంత ఇరుకైన నిర్వచనం ఇవ్వరు. మూలం బాహాటంగా చెప్పినదాన్ని తెల్ల ప్రచారమనీ, మూలం తెలియనివ్వనిదాన్ని బూడిదరంగు ప్రచారమనీ, మరొకరి పేరు అంటగట్టినదాన్ని నల్ల ప్రచారమనీ వారు విడదీస్తారు. ప్రభుత్వం తన ముద్ర వేసి గోడలకు అంటించే యుద్ధపు పోస్టరు కూడా వారి లెక్కలో ప్రాపగాండానే. ఆ లెక్కను నేను కాదనను. మీ నాన్నగారి చేతిలో ఉన్న కాగితం బూడిదరంగుది గనుక ఈ జవాబు దాని చుట్టూనే తిరుగుతుంది.

మన భాషలో 'ప్రకటన' అన్న మాట రెండు పనులు చేస్తుంది. ముఖ్యమంత్రి చేసేదీ ప్రకటనే, సబ్బుల కంపెనీ వేయించేదీ ప్రకటనే. పల్లెల్లో చాటింపు వేసేవారు డప్పు మీద దెబ్బ వేసి 'ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా' అని ఎత్తుకుని, పంచాయతీ తరఫునో తహసీల్దారు తరఫునో అని చెప్పాకే విషయంలోకి వెళ్లేవారు. రేడియోలో కూడా కార్యక్రమానికి ముందు 'సమర్పిస్తున్నవారు' అని పేరు వినిపించేది. ఎవరి తరఫున అన్నది మొదట చెప్పడం ఆ పద్ధతిలో ఉన్న మర్యాద. ఆ మర్యాదను ఒక పథకం ప్రకారం తీసివేయడం ఎలా మొదలైందో చూడాలంటే అమెరికా వైపు చూడాలి.

'ప్రాపగాండా' అన్న మాటకు మొదట చెడ్డ అర్థం లేదు. 1622లో పోప్ పదిహేనవ గ్రెగరీ విదేశాల్లో మత వ్యాప్తి కోసం నెలకొల్పిన కార్యాలయం లాటిన్ పేరులో నుంచి అది వచ్చింది. దానికి మచ్చ పడింది మొదటి ప్రపంచ యుద్ధంలో. 1917 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధంలో దిగగానే అధ్యక్షుడు విల్సన్ జార్జ్ క్రీల్ అనే పాత్రికేయుడి నాయకత్వంలో ఒక ప్రజా సమాచార కమిటీ వేశాడు. ఆ కమిటీ చేసిన పనుల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది 'నాలుగు నిమిషాల మనుషులు' అనే ఏర్పాటు. సినిమా హాలులో రీలు మార్చే విరామంలో ఒక స్థానికుడు లేచి నాలుగు నిమిషాలు యుద్ధం గురించి మాట్లాడేవాడు. ఇటువంటి స్వచ్ఛంద వక్తలు దేశమంతటా సుమారు 75,000 మంది ఉండేవారు. మాట్లాడవలసిన అంశాలు వాషింగ్టన్ నుంచి కాగితం మీద వచ్చేవి, కానీ మాట్లాడే మనిషి మాత్రం ఆ ఊరి వకీలో, బ్యాంకు ఉద్యోగో, అందరూ ఎరిగినవాడో అయి ఉండేవాడు. సర్కారు మాట పక్కింటివాడి నోట వినిపిస్తే ఎంత తేలికగా లోపలికి దిగుతుందో అక్కడ అర్థమైంది.

ఆ కమిటీలో పనిచేసిన కుర్రవాళ్లలో ఎడ్వర్డ్ బెర్నేస్ ఒకడు. 1891లో వియన్నాలో పుట్టి అమెరికాలో పెరిగిన ఇతను మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్‌కు మేనల్లుడు. యుద్ధం అయిపోయాక 1919లో న్యూయార్కులో కార్యాలయం తెరిచి, ప్రాపగాండా అన్న మాటకు చెడ్డపేరు వచ్చింది గనుక తన పనికి 'పబ్లిక్ రిలేషన్స్' అన్న పేరు వాడుకలోకి తెచ్చాడు. అయినా 1928లో తన పుస్తకానికి 'ప్రాపగాండా' అనే పేరు పెట్టడానికి వెనుకాడలేదు. ఇతని పద్ధతికి మంచి ఉదాహరణ బేకన్ కథ. పందిమాంసం అమ్మే ఒక కంపెనీ అమ్మకాలు పెంచమని అడిగితే, ఇతను ఆ మాంసం గురించి ఒక్క ప్రకటన కూడా రాయలేదు. తనకు తెలిసిన వైద్యుడి చేత, పొద్దున పూట బరువైన ఆహారం ఒంటికి మంచిదా తేలికైనది మంచిదా అని దాదాపు 5,000 మంది వైద్యులకు ఉత్తరాలు రాయించాడు. దాదాపు 4,500 మంది బరువైనదే మంచిదని జవాబిచ్చారని ఇతనే తర్వాత చెప్పుకున్నాడు. 'బరువైన ఉదయాహారం మేలంటున్న వైద్యులు' అని పత్రికల్లో వార్త వచ్చింది, పక్కనే బేకన్, గుడ్లు అన్న మాట కలిసింది. ఆ వైద్యుల్లో ఎవరూ అబద్ధమాడలేదు, విలేకరులూ అబద్ధం రాయలేదు. ప్రశ్న అడగడానికి డబ్బు ఎవరిచ్చారన్నది ఒక్కటే ఆ వార్తలో లేదు.

1929 మార్చి 31, ఈస్టర్ ఆదివారం నాటి కథ మరింత పేరు పొందింది. ఆడవాళ్లు నలుగురిలో సిగరెట్ కాల్చడం తప్పుగా చూసే రోజులు అవి. అమెరికన్ టొబాకో కంపెనీ అధిపతి జార్జ్ వాషింగ్టన్ హిల్‌కు ఆ అడ్డు తొలగాలి. బెర్నేస్ ఒక మనోవిశ్లేషకుడి సలహా తీసుకుని, న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూ మీద ఈస్టర్ ఊరేగింపులో కొందరు యువతుల చేత సిగరెట్లు వెలిగింపజేసి వాటికి 'స్వేచ్ఛా జ్యోతులు' అని పేరు పెట్టించాడు. మరునాడు పత్రికలు దాన్ని స్త్రీ స్వాతంత్ర్యానికి సంబంధించిన వార్తగా వేశాయి. ఆ రోజు విలేకరులతో మాట్లాడిన బెర్తా హంట్ అనే యువతి బెర్నేస్ కార్యదర్శి అన్న సంగతి వార్తలో లేదు. ఆ ఒక్క ఊరేగింపుతోనే ఆడవాళ్లలో సిగరెట్ అలవాటు పెరిగిపోయిందని చెప్పేవారి మాట యథాతథంగా తీసుకోకండి. ఆ అలవాటు అప్పటికే పెరుగుతూ ఉంది, ఈ కథను ఇంత పెద్దది చేసినవారిలో ముఖ్యుడు బెర్నేసే. తన ఘనత గురించి అతను చెప్పినదాని మీద కూడా తరుగు తీయాలి. ఆ ఏర్పాటు నిర్మాణం మాత్రం ఈనాటికీ చెక్కుచెదరలేదు: ముందు ఒక సంఘటన కల్పిస్తారు, దాన్ని ఒక న్యాయమైన ఆశయానికి తగిలిస్తారు, ఆ తర్వాత పత్రికలు దాన్ని వార్తగా మోస్తాయి.

ఇదే పొగాకు పరిశ్రమ పాతికేళ్ల తర్వాత చేసిన పని ముందు ఊరేగింపు చిన్నపిల్లల ఆటలా కనిపిస్తుంది. 1953లో ఎలుకల వీపు మీద పొగాకు తారు పూస్తే కణితులు లేచాయని పరిశోధకులు ప్రచురించారు. ఆ డిసెంబరులోనే పెద్ద సిగరెట్ కంపెనీల అధిపతులు న్యూయార్క్ ప్లాజా హోటల్‌లో సమావేశమై హిల్ అండ్ నోల్టన్ అనే ప్రచార సంస్థను పెట్టుకున్నారు. 1954 జనవరి 4న అమెరికాలోని 400కు పైగా పత్రికల్లో 'పొగతాగేవారికి దాపరికం లేని విన్నపం' అని పెద్ద ప్రకటన వచ్చింది. ప్రజల ఆరోగ్యం తమకు అన్నిటికన్న ముఖ్యమనీ, పరిశోధనకు డబ్బు ఇస్తామనీ అందులో రాశారు. ప్రకటన కింద కంపెనీల పేర్లు ఉన్నాయి గనుక నా నిర్వచనం ప్రకారం అది ప్రకటనే. ప్రాపగాండా దాని వెనుక ఏర్పాటైన పరిశోధక కమిటీలో ఉంది. దానికి శాస్త్ర విభాగాధిపతిగా క్లారెన్స్ కుక్ లిటిల్‌ను తీసుకొచ్చారు. ఆయన పేరున్న జన్యుశాస్త్రవేత్త, మిషిగన్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడిగా చేసినవాడు, అంతకుముందు క్యాన్సర్ నివారణ సంఘాన్ని నడిపినవాడు. కంపెనీలు 'సిగరెట్ మంచిది' అంటే ఎవరూ నమ్మరు, శాస్త్రవేత్త 'ఇంకా తేలలేదు, మరింత పరిశోధన కావాలి' అంటే అందరూ ఆగి వింటారు. 1969లో ఒక సిగరెట్ కంపెనీ లోపలి కాగితంలో 'సందేహమే మన ఉత్పత్తి' అని రాసుకున్నారు. ఆ కాగితాలు బయటపడి, 1998లో 46 రాష్ట్రాలతో ఒప్పందం కుదిరి, ఆ పరిశోధక సంస్థ మూతపడేసరికి నలభై నాలుగేళ్లు గడిచాయి. 'ఇంకా తేలలేదు' అన్న మాటలో అబద్ధం ఎక్కడుందో చూపించడం చాలా కష్టం. ఆ మాట పలికించడానికి డబ్బు ఎవరిదో తెలిసినప్పుడే దాని అసలు రూపం కనిపిస్తుంది.

గొంతు మారితే నిజంగా అంత తేడా వస్తుందా అన్న సందేహం మీకు రావచ్చు. 1951లో యేల్ విశ్వవిద్యాలయంలో కార్ల్ హోవ్లాండ్, వాల్టర్ వైస్ అనే ఇద్దరు దీన్ని పరీక్షించారు. అణుశక్తితో నడిచే జలాంతర్గాములు సాధ్యమా అనే విషయం మీద ఒకే వ్యాసాన్ని కొందరు విద్యార్థులకు అమెరికా అణు శాస్త్రవేత్త ఆపెన్‌హైమర్ రాసినదని చెప్పి, మరికొందరికి సోవియట్ పత్రిక 'ప్రావ్దా'లో వచ్చిందని చెప్పి ఇచ్చారు. ఇటువంటివే మరి మూడు విషయాల మీద కూడా చేశారు. చదివిన వెంటనే అడిగితే, నమ్మదగిన పేరు చూసినవారు ఎక్కువగా అభిప్రాయం మార్చుకున్నారు, అది అనుకున్నదే. నాలుగు వారాల తర్వాత మళ్లీ అడిగితే ఆ తేడా చెదిరిపోయింది. నమ్మలేని పేరు చూసి అప్పుడు తల అడ్డంగా ఊపినవారు కూడా వ్యాసం చెప్పిన వైపుకు జరిగారు. మాట మనసులో నిలిచింది, ఎవరన్నారన్నది దాని నుంచి ఊడిపోయింది. పత్రిక మూలలో చీమ తలకాయంత అక్షరాలతో 'అడ్వర్టోరియల్' (వ్యాసం రూపంలో వచ్చే ప్రకటన) అని వేస్తే చట్టానికి సరిపోతుందేమో గానీ, నెల తిరిగేసరికి ఆ అక్షరాలు పాఠకుడి మనసులో ఉండవు. 'పేపర్లో చదివాను' అన్న ఒక్క ముక్కే మిగులుతుంది. నేను మూలలో ఆ అక్షరాలు వేయించి మనస్సాక్షిని జోకొట్టుకున్న రోజుల్లో ఈ పరిశోధన గురించి నాకు తెలియదు. తెలిసిన నాటి నుంచి ఆ తొమ్మిదేళ్ల పని నాకు బరువుగానే ఉంది.

ఆ పని ఎలా జరిగేదో చెబుతాను. స్థలం కొలత కాలమ్ సెంటీమీటర్లలో ఉంటుంది. వెంచర్ వేసిన కంపెనీ ఫలానా సెంటీమీటర్ల ప్రకటనలు బుక్ చేస్తే, దానితో పాటు ప్రాపర్టీ పేజీలో ఒక 'వ్యాసం' ఇవ్వడం ప్యాకేజీలో భాగం. వివరాలు కంపెనీ మార్కెటింగ్ మేనేజర్ ఇస్తాడు, ఫొటోలు వారివే, రాసేది ప్రకటనల విభాగంలోని నాబోటివాడు. సంపాదకవర్గానికి దానితో సంబంధం ఉండదు, కానీ అక్షరాల రూపం, శీర్షిక వేసే తీరు, కాలమ్ వెడల్పు అన్నీ పక్క పేజీలోని వార్తల్లాగే ఉండాలని ఒప్పందం. 'నిపుణులు చెబుతున్నారు' అని రాసిన చోట ఆ నిపుణుడు ఎవరో కాదు, మా ఎదుట కూర్చుని టీ తాగుతున్న ఆ మేనేజరే. జిల్లాల్లో పరిస్థితి మరీ కష్టం, ఎందుకంటే అక్కడ చాలా పత్రికల్లో వార్త రాసే స్ట్రింగర్‌కే ప్రకటనల టార్గెట్ కూడా ఉంటుంది. సరిపడా జీతం లేకుండా, వార్షికోత్సవానికో పండుగకో ఇన్ని వేల రూపాయల యాడ్లు తేవాలని చెప్పి పంపిన మనిషి, ఆ యాడ్ ఇచ్చిన ఆసుపత్రి మీదో పాఠశాల మీదో నిక్కచ్చిగా ఎలా రాస్తాడు? ఆ విలేకరులను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. వారిని అక్కడ నిలబెట్టిన ఏర్పాటును మాత్రం గట్టిగా తప్పుపడతాను.

నేను రాసిన ఒక వ్యాసంలో 'అనుమతుల ప్రక్రియ శరవేగంగా సాగుతోంది' అని ఒక వాక్యం ఉంది. లేఅవుట్ అనుమతికి దరఖాస్తు పెట్టిన మాట వాస్తవం, కాబట్టి ఆ వాక్యం అబద్ధం కాదు. ఏడాదిన్నర తర్వాత మా పెద్దమ్మ కొడుకు, విద్యుత్ శాఖలో రిటైరైన అన్నయ్య, ఒక ప్లాస్టిక్ కవరులో జాగ్రత్తగా పెట్టుకున్న కత్తిరింపు తీసి నా ముందు పెట్టాడు. రెండు ప్లాట్లు కొన్నాడు, ఆ లేఅవుట్‌కు అనుమతి రాలేదు, కంపెనీ ఫోన్ ఎత్తడం లేదు, పత్రికలో ఉన్నవాణ్ణి గనుక నాకు ఎవరైనా తెలుసునేమోనని వచ్చాడు. 'పాంప్లెట్ చూసి కొనలేదు తమ్ముడూ, పేపర్లో పడింది కదా అని కొన్నాను' అన్నాడు. ఆ వాక్యం నేనే రాశానని ఆ రోజు చెప్పలేకపోయాను, చెప్పడానికి మరో నాలుగేళ్లు పట్టింది. మీ ప్రశ్నకు ఇంత పొడుగు జవాబు రాయడానికి కారణం ఆ ప్లాస్టిక్ కవరు.

ఇదే ఏర్పాటు ఎన్నికల్లోకి వచ్చినప్పుడు దానికి 'పెయిడ్ న్యూస్' అని పేరు వచ్చింది. 2009 ఎన్నికల సమయంలో అభ్యర్థుల గురించిన కథనాలు ప్యాకేజీలుగా అమ్ముడుపోయాయన్న ఆరోపణలు దేశమంతటా రాగా, ఆ సంగతిని బయటపెట్టి చర్చకు తెచ్చినవారిలో మన ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ కూడా ఉంది. ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో పాత్రికేయుడు పరంజయ్ గుహా ఠాకుర్తాతో పాటు మన పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి ఉన్నారు. వారు 2010లో పత్రికల పేర్లతో సహా ఇచ్చిన నివేదికను కౌన్సిల్ పూర్తిగా బయటపెట్టలేదు. కుదించిన నివేదిక మాత్రమే విడుదలైంది, అసలు నివేదిక కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాక 2011లో గానీ వెబ్‌సైట్‌లోకి రాలేదు. డబ్బుకు గానీ వస్తువుకు గానీ ప్రతిఫలంగా ఏ మాధ్యమంలోనైనా వచ్చే వార్త లేదా విశ్లేషణ పెయిడ్ న్యూస్ అన్న నిర్వచనం అక్కడి నుంచి వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని బిసౌలీ శాసనసభ్యురాలు ఉమ్లేష్ యాదవ్ 2007 ఎన్నికల్లో ఇటువంటి కథనాల ఖర్చును లెక్కలో చూపనందుకు ఎన్నికల సంఘం 2011 అక్టోబరులో ఆమెను మూడేళ్లు అనర్హురాలిగా ప్రకటించింది. చట్టం పట్టుకున్నది ఖర్చు లెక్క చూపకపోవడాన్ని. డబ్బు తీసుకుని వార్త వేసిన పత్రికకు అటువంటి శిక్ష లేదు, ఆ కథనాన్ని వార్త అనుకుని చదివిన ఓటరుకు ఏ పరిహారమూ లేదు. పత్రికలు కంపెనీల వాటాలు పుచ్చుకుని బదులుగా ప్రకటన స్థలం ఇచ్చే ఒప్పందాల విషయంలో కూడా, ఆ వాటా సంగతి వార్త దగ్గరే వెల్లడించాలని 2010లో షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ చెప్పవలసి వచ్చింది.

పరీక్షా ఫలితాల మరునాడు మన పత్రికల మొదటి పేజీని కప్పేసే జాకెట్ యాడ్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. అక్కడ సంస్థ తన పేరుతోనే మాట్లాడుతుంది, కానీ నమ్మించేది ఆ పిల్లల ముఖాలు. ఒకటి, ఒకటి, రెండు, మూడు అని టీవీలో వరుసగా వినిపించే అంకెలు చాలావరకు నిజమే కావచ్చు. ఎంతమంది చేరితే ఇంతమందికి వచ్చాయి, ఆ పిల్లవాడు అక్కడ రెండేళ్లు చదివాడా, పదిరోజుల టెస్ట్ సిరీస్ రాశాడా అన్నది ఉండదు. సివిల్స్ ఫలితాల ప్రకటనల్లో చూపిన అభ్యర్థులు చాలామంది ఉచిత ఇంటర్వ్యూ శిక్షణకు మాత్రమే వచ్చినవారని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కనిపెట్టి కొన్ని సంస్థలకు జరిమానాలు వేసింది. ఆ అభ్యర్థి ఏ కోర్సు, ఎంతకాలం, డబ్బు కట్టి చదివాడా లేదా అన్నది ప్రకటనలోనే చెప్పాలని 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచడం కూడా తప్పుదోవ పట్టించే ప్రకటనేనని 2019 వినియోగదారుల రక్షణ చట్టం స్పష్టంగా చెబుతుంది. 2022 మార్గదర్శకాల ప్రకారం గమనిక కూడా ప్రకటన ఉన్న భాషలోనే ఉండాలి, అంటే తెలుగులో ఊరించి కింద ఇంగ్లీషులో జాగ్రత్త చెప్పడం కుదరదు. ఇవి మంచి నియమాలు, మనలో చాలామందికి తెలియనివి.

ఫోనులో జరుగుతున్నది కూడా ఇదే విద్య, గొంతు మాత్రం మరింత దగ్గరైంది. వంటల వీడియో చేసే అమ్మాయి నూనె పేరు చెప్పినప్పుడు డబ్బు తీసుకుందా లేదా అన్నది వీడియోలోనే చెప్పాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో నియమం పెట్టింది. కానీ వాట్సాప్‌లో వచ్చే కత్తిరింపుకు ఏ నియమమూ అంటదు. కంపెనీ మాట ముందు పత్రిక గొంతు అరువు తెచ్చుకుంది, తర్వాత పంపినవారి గొంతు అరువు తెచ్చుకుంది. మీ నాన్నగారికి అది చేరేసరికి రెండు పొరల నమ్మకం దాని మీద కప్పి ఉంది, 'అడ్వర్టోరియల్' అన్న అక్షరాలున్న మూల కత్తెరకు పోయింది.

దిద్దుబాటు మీద ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పాలి. పతంజలి ఆయుర్వేద సంస్థ ప్రకటనల కేసులో 2024 ఏప్రిల్‌లో ఆ సంస్థ 67 పత్రికల్లో క్షమాపణ వేయిస్తే, అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన జస్టిస్ హిమా కోహ్లీ సుప్రీంకోర్టులో అడిగిన ప్రశ్న నాకు చాలా సరైనదిగా తోచింది: క్షమాపణ సైజు మీ ప్రకటనల సైజే ఉందా? మరునాటి పత్రికల్లో పెద్ద క్షమాపణ వచ్చింది. అమెరికా పొగాకు కంపెనీలు మోసం చేశాయని 2006లో తీర్పు వచ్చాక, కోర్టు వేయమన్న దిద్దుబాటు ప్రకటనలు పత్రికల్లోకి రావడానికి 2017 నవంబరు దాకా పట్టింది.

ఇక మీ నాన్నగారి సంగతి. ఆ వ్యాసం తప్పని ఆయనతో వాదించకండి. అందులో తప్పు దొరక్కపోవచ్చు, అప్పుడు మీరే ఓడిపోతారు. వ్యాసం పూర్తి పేజీని పత్రిక ఈ-పేపర్‌లో తీసి చూపించండి. రాసిన విలేకరి పేరు లేకపోవడం, ఏ ఊరి నుంచి రాశారో లేకపోవడం, పేరులేని నిపుణులు, ఇబ్బంది చెప్పే ఒక్క గొంతూ లేకపోవడం, చివర ఫోన్ నంబరు, అదే కంపెనీ ప్రకటన అదే పేజీలోనో పక్క పేజీలోనో ఉండటం ఆయన కంటికే కనిపిస్తాయి. అదే రోజు మరో పత్రికలో అవే వాక్యాలు కనిపిస్తే ఇక మీరు చెప్పవలసింది ఏమీ ఉండదు. ఆ తర్వాత ఆయనను ఒక్క ప్రశ్న అడగండి: దీనికి రెరా నంబరు ఎంత? రెరా అంటే స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే చట్టం, దాని కింద ప్రాజెక్టును రిజిస్టర్ చేస్తే ఇచ్చే నంబరు అది. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు 2016 రెరా చట్టం మూడవ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన చేయడానికే వీల్లేదు, అమ్మడం సంగతి తర్వాత. ప్రీ లాంచ్ అన్న మాటే ఆ రిజిస్ట్రేషన్ ఇంకా రాలేదని చెప్పకనే చెబుతుంది. ప్రకటన మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలన్న నియమం నుంచి తప్పించుకోవడానికి కూడా వార్త వేషం పనికివస్తుంది, ఎందుకంటే వార్తలో నంబరు లేకపోయినా ఎవరూ అడగరు. తెలంగాణకూ ఆంధ్రప్రదేశ్‌కూ వేర్వేరు రెరా వెబ్‌సైట్లు ఉన్నాయి, అక్కడ ప్రాజెక్టు పేరు వెతికితే పది నిమిషాల్లో తెలుస్తుంది. నంబరు ఉన్నా సరే, అమ్మకపు ఒప్పందం రాసి రిజిస్టర్ చేయకుండా మొత్తం ధరలో పది శాతానికి మించి తీసుకునే హక్కు వారికి లేదు, అది పదమూడవ సెక్షన్.

ఆయన అప్పటికే కొంత కట్టి ఉంటే కంగారు పడకండి, ఆ కత్తిరింపును మాత్రం పారేయకండి. ప్రకటనలోని తప్పుడు సమాచారాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారికి పరిహారం, లేదా వడ్డీతో సహా డబ్బు వాపసు ఇవ్వాలని పన్నెండవ సెక్షన్ చెబుతుంది. అది ప్రకటన కాదు, పత్రిక వేసుకున్న వార్త అని కంపెనీ వాదించవచ్చు. ఆ చట్టం మొదట్లోనే 'ప్రకటన' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో ఏ రూపంలో చేసిన ప్రచారమైనా అందులోకి వస్తుందని ఉంది. అందుకని వాట్సాప్‌లో వచ్చిన ముక్కతో సరిపెట్టుకోకుండా తేదీ, ఎడిషన్ పేరు కనిపించేలా ఆ రోజు పత్రిక పూర్తి పేజీని ఈ వారంలోనే సంపాదించి పెట్టుకోండి. ఈ-పేపర్‌లో పాత సంచికలు ఎంతకాలం ఉంచుతారన్నది పత్రికను బట్టి మారుతుంది.